పంచాంగం పక్కన సూర్యుడి ఎత్తు కూడా వేయండి

సంపాదకులు గారికి నమస్కారం.

మీ పేపర్లో రోజూ పంచాంగం పడే చోట తిథి, నక్షత్రం, వర్జ్యం, రాహుకాలంతో పాటు సూర్యోదయం, సూర్యాస్తమయం టైములు వేస్తారు కదా, దాని కిందే ఇంకో చిన్న లైను వేయమని అడగడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను. మధ్యాహ్నం సూర్యుడు ఆకాశంలో ఎన్ని డిగ్రీల ఎత్తులో ఉంటాడు, నెత్తికి దక్షిణంగా ఉంటాడా ఉత్తరంగా ఉంటాడా, అంతే. ఒక అంకె, ఒక దిక్కు. ఇదేం పెద్ద కోరిక కాదు, జాగా కూడా పెద్దగా పట్టదు. కానీ ఈ ఒక్క అంకె జనానికి అలవాటు లేకపోవడం వల్ల ఇళ్ల మీద లక్షలు పోసి పెట్టించుకున్న సోలార్ ప్యానెళ్లు ఏటా కొన్ని నెలలు సగం పనే చేస్తున్నాయి. ఎందుకో చెప్తాను.

నేను ఖమ్మంలో ఉంటాను, డాబాల మీద సోలార్ బిగించే పనిలో ఉన్నాను. సొంత కంపెనీ ఏమీ లేదు, వెండర్ల దగ్గర సైట్ పని చేస్తాను, అంటే కొలతలు తీసుకోవడం, స్ట్రక్చర్ (ప్యానెళ్లను మోసే ఇనుప స్టాండు) నిలబెట్టడం, ప్యానెళ్లు ఎక్కించడం, వైరింగ్, తర్వాత కస్టమర్ ఫోన్ చేస్తే సమాధానం చెప్పడం. ఈ చివరిదే ఎక్కువ టెన్షన్. 2024లో పీఎం సూర్య ఘర్ పథకం వచ్చాక, 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ అనేసరికి, సోలార్ గురించి ఎప్పుడూ ఆలోచించని వాళ్లు కూడా పెట్టించుకున్నారు, మంచిదే. అందరికీ అమ్మేటప్పుడు చెప్పే మాట ఒకటే: కిలోవాట్‌కి రోజుకు నాలుగు యూనిట్లు. ఏడాది మొత్తానికి సగటు తీస్తే ఆ మాట అబద్ధం కాదు. కానీ సగటు అని ఎవరూ విడిగా చెప్పరు, విన్నవాళ్లు రోజూ నాలుగు అనుకుంటారు, ఫోన్లో యాప్ తెరిచి ప్రతి సాయంత్రం లెక్క చూసుకుంటారు, తగ్గిన రోజు మాకు ఫోన్.

వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం మే నెలలో. "నిన్న ఎండ నలభై నాలుగు దాటింది, రోడ్డు మీద నడవలేకపోయాం, మరి యూనిట్లు మార్చిలో వచ్చినన్ని కూడా రాలేదేంటి?" అని. న్యాయమైన అనుమానమే. ప్యానెల్‌కి కావాల్సింది వెలుతురు, వేడి కాదు. వేడి దానికి శత్రువు. ప్యానెల్ మీద రాసి ఉండే వాట్లు 25 డిగ్రీల దగ్గర కొలిచినవి, అది కూడా గాలి వేడి కాదు, లోపలి సెల్ వేడి. అక్కడి నుంచి సెల్ ఒక్కో డిగ్రీ పెరిగేకొద్దీ ఉత్పత్తి సుమారు 0.3 నుంచి 0.4 శాతం పడిపోతుంది. మే మధ్యాహ్నం డాబా మీద ప్యానెల్ లోపల 60, 65 డిగ్రీలు మామూలు. అంటే పదో వంతు పైనే అక్కడే పోయింది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, రోళ్ల సంగతేమో గానీ యూనిట్లకు మాత్రం తగులుతుంది.

ఇక రెండో అపోహ, ఇది బాగా చదువుకున్న వాళ్లు కూడా చెప్తుంటారు, ఎండాకాలంలో సూర్యుడు మనకు దగ్గరగా వస్తాడని. నిజానికి భూమి సూర్యుడికి బాగా దగ్గరగా ఉండేది జనవరి మొదటి వారంలో, దాదాపు 14.7 కోట్ల కిలోమీటర్లు. దూరంగా ఉండేది జూలై మొదటి వారంలో, సుమారు 15.2 కోట్లు. ఆ తేడా వల్ల జనవరిలో భూమికి చేరే శక్తి జూలై కంటే ఏడు శాతం దాకా ఎక్కువే. అయినా జనవరిలో స్వెట్టర్లు వేసుకుంటున్నామంటే దూరానికి మించి ఇంకేదో పని చేస్తోందన్నమాట. అదే కోణం. భూమి 23.4 డిగ్రీలు వాలి తిరుగుతోంది కాబట్టి ఏడాది పొడవునా మన నెత్తి మీద సూర్యుడి ఎత్తు మారుతూ ఉంటుంది. ఒకే గరిటెడు పిండిని చిన్నగా పోస్తే దోసె మందంగా వస్తుంది, అదే పెద్దగా తిప్పితే పల్చగా వస్తుంది. ఎండ కూడా అంతే, నిట్టనిలువుగా పడితే చిన్న జాగాలో చిక్కగా పడుతుంది, ఏటవాలుగా పడితే అదే ఎండ ఎక్కువ జాగాకు పరుచుకుని పల్చబడుతుంది. సూర్యుడు 30 డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడు ఒక చదరపు మీటరు కిరణాలు రెండు చదరపు మీటర్ల నేల మీదికి పరుచుకుంటాయి, సరిగ్గా సగం. పైగా ఏటవాలు కిరణం ఎక్కువ గాలిని, దుమ్మును దాటుకుని రావాలి, అందులోనూ కొంత పోతుంది.

హైదరాబాద్ లెక్క చెప్తాను, ఖమ్మం, విజయవాడ, వరంగల్ వాళ్లకు ఒక డిగ్రీ అటూ ఇటూ ఇదే సరిపోతుంది. హైదరాబాద్ అక్షాంశం 17.4. మధ్యాహ్నం సూర్యుడి ఎత్తు కావాలంటే 90 లోంచి అక్షాంశం తీసేసి ఆ రోజు సూర్యుడి క్రాంతి కలపాలి, అంటే సూర్యుడు భూమధ్యరేఖకు ఎన్ని డిగ్రీలు ఉత్తరంగా ఉంటే అన్ని కలపాలి, దక్షిణంగా ఉంటే తీసేయాలి. వచ్చింది 90 దాటితే సూర్యుడు ఉత్తరాన ఉన్నట్టు, అప్పుడు దాన్ని 180 లోంచి తీసేయాలి. పంచాంగకర్తలకు ఈ క్రాంతి కొత్త మాట కాదు. మార్చి 20, సెప్టెంబర్ 22 ప్రాంతాల్లో క్రాంతి సున్నా, కాబట్టి ఎత్తు 72.6 డిగ్రీలు, దక్షిణాన. డిసెంబర్ 21న అది 49 డిగ్రీలకు దిగిపోతుంది. మే 9 ప్రాంతంలో, మళ్లీ ఆగస్టు 3 ప్రాంతంలో సరిగ్గా నడినెత్తి మీద, అదే పేపర్లలో మీరు శూన్య నీడ రోజు అని ఫొటోలు వేసేది, బిందె పెట్టి దాని నీడ మాయమైందని చూపిస్తారు. ఆ రెండు తేదీల మధ్య దాదాపు మూడు నెలలు మధ్యాహ్నం సూర్యుడు మనకు ఉత్తరాన ఉంటాడు, ఇది చాలామంది నమ్మరు. జూన్ 21న నడినెత్తికి ఆరు డిగ్రీలు ఉత్తరంగా. నమ్మకం లేనివాళ్లు డాబా మీద మీటరు కర్ర నిలబెట్టి చూసుకోవచ్చు. డిసెంబర్ చివర్లో మధ్యాహ్నం నీడ ఉత్తరం వైపు 86 సెంటీమీటర్లు ఉంటుంది, మార్చి 20 నాటికి 31కి తగ్గుతుంది, జూన్ 21న పది సెంటీమీటర్ల నీడ దక్షిణం వైపు పడుతుంది.

మబ్బూ గాలీ లేవనుకుని లెక్కేస్తే, చదునైన డాబా మీద డిసెంబర్ 21న రోజంతా పడే శక్తి జూన్ 21న పడేదాంట్లో 70 శాతం. పగలు పొట్టిది, సూర్యుడు కిందికి ఉంటాడు, రెండూ కలిసి చేసే పని అది. మరి జూన్, జూలైలో యూనిట్లు ఎక్కువ రావాలి కదా అంటే, రావు. ఎందుకంటే అప్పటికి నైరుతి రుతుపవనాలు వచ్చేసి ఉంటాయి, మబ్బు. మా దగ్గర 3 కిలోవాట్ల ప్లాంట్ మార్చిలో మంచి రోజున పద్నాలుగు యూనిట్ల దాకా ఇస్తుంది, జూలైలో ముసురు పట్టిన రోజు నాలుగైదు వస్తే గొప్ప, డిసెంబర్‌లో ఆకాశం నిర్మలంగా ఉండి గాలి చల్లగా ఉంటే పదకొండు పన్నెండు. అంటే మన దేశపు ఎండకు మబ్బే మొదటి శత్రువు, కోణం రెండోది. నిజం ఒప్పుకోవాలి. కాకపోతే మబ్బును మనం ఏమీ చేయలేం, కోణాన్ని మాత్రం స్ట్రక్చర్ నిలబెట్టే రోజున మన చేతుల్లోనే పెట్టుకోవచ్చు, అందుకే నా గోలంతా దాని గురించి.

మార్చి ఎందుకు మేలంటే, దక్షిణం వైపు 17 డిగ్రీలు వాల్చిన ప్యానెల్‌కి మార్చి 20 మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా ఎదురుగా నిలబడతాడు. ఆకాశం ఖాళీ, వేడి ఇంకా ముదరలేదు, పగలు పన్నెండు గంటలు దాటింది. సెప్టెంబర్ 22న కూడా అదే కోణం, కానీ మబ్బులు పోనివ్వవు. ఇంకో సంగతి, ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే యాసంగి వరికి బోర్లు నడిచి తెలంగాణలో కరెంటు వాడకం బాగా పెరుగుతుంది, ఆంధ్రాలో రబీ, అదే సమయానికి సోలార్ తన బెస్ట్ ఇవ్వడం ఈ ప్రాంతానికి కలిసొచ్చిన అదృష్టం.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ప్యానెల్ ఎటు చూడాలి, ఎంత వాలాలి అనేది ఇంటి యజమాని అడగడు, చాలాసార్లు వెండర్ కూడా పట్టించుకోడు. డాబా ఎటు పొడుగ్గా ఉంటే అటు, రేకుల షెడ్డు ఎటు వాలి ఉంటే అటు, వీధిలోంచి చూస్తే అందంగా కనపడేలా, ఇలా నిర్ణయం జరుగుతుంది. డిసెంబర్ 21 మధ్యాహ్నం లెక్క చూడండి. కిరణాలకు నేరుగా పెట్టిన ప్యానెల్ మీద పడే ఎండను 100 అనుకుంటే, దక్షిణానికి 17 డిగ్రీలు వాల్చినదాని మీద 91 పడుతుంది, పడుకోబెట్టి పెట్టినదాని మీద 76, ఉత్తరానికి 15 డిగ్రీలు వాలిన రేకుల మీద అలాగే అతికించినదాని మీద 56. ఇల్లు అదే, ప్యానెల్ అదే, పెట్టిన డబ్బు అదే. జూన్‌లో ఈ లెక్క తిరగబడుతుంది, పడుకోబెట్టినది 99, దక్షిణానికి వాల్చినది 92, కానీ ఆ నెలలో మబ్బుల పాలయ్యేదే ఎక్కువ కాబట్టి ఆ లాభం చేతికి రాదు. అందుకే మన దగ్గర దక్షిణం వైపు పదిహేను డిగ్రీల ప్రాంతంలో వాల్చడం తెలివైన పని. మరీ డిగ్రీ డిగ్రీకి కొట్టుకోనక్కర్లేదు, ఐదు డిగ్రీలు తేడా వస్తే పోయేది చాలా తక్కువ. సముద్రం దగ్గర గాలికి భయపడి పది డిగ్రీలకే ఆపుతారు, అదీ తప్పు కాదు. తూర్పుకో పడమరకో కొద్దిగా వాల్చినా మన అక్షాంశంలో పెద్ద నష్టం లేదు. మరీ చదునుగా మాత్రం వద్దు, వాన నీళ్లు దుమ్మును కడుక్కుపోవు, కింది అంచున మట్టి పేరుకుంటుంది. ఏడాదికి రెండుసార్లు వాలు మార్చే స్ట్రక్చర్లు కూడా ఉన్నాయి, చలికాలం ముప్పై, వేసవిలో దాదాపు చదును. ఏడాది మొత్తం మీద లాభం కొద్ది శాతమే, ఎక్కి నట్లు విప్పే ఓపిక ఉంటే మంచిదే, నా అనుభవంలో మొదటి ఏడాది తర్వాత ఆ నట్లు తుప్పు పట్టిపోతాయి.

వాలు కంటే పెద్ద గొడవ నీడ. ఇక్కడ మన వాస్తు వచ్చి కూర్చుంటుంది. నేను వాస్తును తిట్టడానికి రాయడం లేదు, నమ్మేవాళ్లు నమ్ముతారు. కానీ మన తెలుగిళ్లలో బరువు, ఎత్తు నైరుతిలో ఉండాలని వాటర్ ట్యాంకు నైరుతి మూలనే కడతారు, చాలా ఇళ్లలో మెట్ల గది కూడా దక్షిణం వైపో పడమర వైపో లేస్తుంది. ఈశాన్యం ఖాళీ. ప్యానెళ్లు పెట్టడానికి వచ్చినవాళ్లు ఆ ఖాళీ జాగా చూసి సంతోషంగా అక్కడ పెట్టేస్తారు. డిసెంబర్ నెలలో మధ్యాహ్నం మూడుంబావుకు సూర్యుడు ఎక్కడుంటాడో తెలుసా? దాదాపు సరిగ్గా నైరుతిలో, 30 డిగ్రీల ఎత్తులో. ట్యాంకు పైభాగం ప్యానెళ్ల కంటే ఆరడుగులు ఎత్తులో ఉందనుకోండి, దాని నీడ ఈశాన్యం వైపు పది అడుగుల పైన పొడుగ్గా సాగుతుంది, నేరుగా ప్యానెళ్ల మీదికి. ఉదయం తొమ్మిదింబావుకు ఇదే ఆట ఇంకో వైపు, ఆగ్నేయంలో సూర్యుడు, వాయవ్యంలో నీడ, ఆగ్నేయం వైపు పక్కింటివాళ్ల రెండో అంతస్తు ఉంటే ఇక చెప్పక్కర్లేదు.

అదే జూన్‌లో మధ్యాహ్నం అదే టైముకి సూర్యుడు 48 డిగ్రీల ఎత్తులో, పడమరకు కాస్త ఉత్తరంగా ఉంటాడు. ట్యాంకు నీడ ఐదున్నర అడుగులు దాటదు, అదీ తూర్పు వైపు, కాస్త దక్షిణానికి జరిగి. ఈశాన్యంలో ఉన్న ప్యానెళ్ల జోలికే రాదు. కొత్త కనెక్షన్ల హడావుడి ఎక్కువగా ఎండాకాలంలోనే ఉంటుంది, ఏసీ బిల్లు చూసి కదా జనం సోలార్ గురించి ఆలోచించేది, కాబట్టి సైట్ చూడ్డానికి వచ్చినవాడు ఏప్రిల్‌లోనో మేలోనో వస్తాడు, నీడ ఎక్కడా కనపడదు, ఫొటోలు తీసుకుని పోతాడు, ప్లాంట్ పెడతారు, ఆర్నెల్లు అంతా బాగుంటుంది. నవంబర్ వచ్చేసరికి యాప్‌లో మధ్యాహ్నం రెండు తర్వాత గీత గభాలున కిందికి పడుతుంది. కస్టమర్ ఇన్వర్టర్ పాడైందనుకుంటాడు, కంపెనీవాడు చలికాలం అంతే సార్ అంటాడు, ఎవరూ డాబా ఎక్కి నీడ చూడరు. ఒక ప్యానెల్ మీద నీడ పడితే ఆ ఒక్కటే తగ్గుతుందనుకోవద్దు. ప్యానెళ్లన్నీ సిరీస్‌లో కలిపి ఉంటాయి, దాన్నే స్ట్రింగ్ అంటాం, ఒకదాని కరెంటు తగ్గితే మిగతావాటిని కూడా లాగుతుంది. లోపల బైపాస్ డయోడ్లు, అంటే నీడ పడిన భాగాన్ని తప్పించి కరెంటుకు పక్కదారి ఇచ్చేవి, ఉంటాయి కాబట్టి మొత్తం ఆగిపోదు, కానీ నీడ పడిన జాగా కంటే పోయే యూనిట్లు ఎప్పుడూ ఎక్కువే. ట్యాంకు చుట్టూ వేసిన సన్నటి పైపు రెయిలింగ్ నీడ కూడా చాలు.

దీనికి మందు ఉంది, ముందే చూసుకుంటే ఖర్చు కూడా పెద్దగా కాదు. స్ట్రక్చర్‌ను ట్యాంకు ఎత్తుకు లేపొచ్చు, కింద బట్టలు ఆరేసుకోవడానికి నీడ కూడా దొరుకుతుంది, లేదా ట్యాంకుకు దక్షిణం వైపు పిట్టగోడ దగ్గరకు జరపొచ్చు, ట్యాంకు మీదే ప్లాట్‌ఫాం వేసిన ఇళ్లూ ఉన్నాయి. ఉమ్మడి కర్నూలు జిల్లా గని, శకునాల దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు కట్టారు కదా, అలాంటి పెద్ద పార్కులు డిజైన్ చేసేటప్పుడు ముందు వరస నీడ వెనక వరస మీద పడకుండా దూరం ఎంత వదలాలో డిసెంబర్ 21ని పెట్టుకుని లెక్కేస్తారు, ఉదయం తొమ్మిది నుంచి మధ్యాహ్నం మూడు దాకా నీడ ఉండకూడదని, ఇది ఇంజనీర్లకు మామూలు పద్ధతి. పార్కుకు చేసే లెక్క పేదవాడి మూడు కిలోవాట్లకు ఎందుకు చేయరు? రెండు రాష్ట్రాల డిస్కంలు (కరెంటు పంపిణీ సంస్థలు) కొత్త కనెక్షన్ ఫైలులో డిసెంబర్ 21 నీడ బొమ్మ ఒకటి తప్పనిసరి చేస్తే చాలు, ఇప్పుడు ఫోన్లో యాప్‌లు కూడా ఉన్నాయి, కెమెరా పట్టుకుంటే డిసెంబర్‌లో సూర్యుడి దారి తెర మీద గీసి చూపిస్తాయి. దాంతో పాటు ఏడాది సగటు ఒక్కటే కాకుండా నెలవారీగా ఎన్ని యూనిట్లు రావచ్చో ఒక పట్టిక యజమాని చేతికిచ్చి సంతకం పెట్టించుకోవాలి. మాలాంటి వాళ్లకూ ఫోన్లు తగ్గుతాయి.

ఇంకో తలనొప్పి వీడియోలు. అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉన్న మనవాళ్లు తమ ఇంటి మీద సోలార్ గురించి తెలుగులో మంచి వీడియోలు పెడతారు, వాళ్ల తప్పేం లేదు, అక్కడికి అది కరెక్టే. డాలస్ 33 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉంది, ముప్పై డిగ్రీలు వాల్చమంటే అక్కడికి సబబు. మెల్‌బోర్న్‌లో అయితే ప్యానెళ్లు ఉత్తరం వైపు చూడాలి, భూమధ్యరేఖకు అవతల ఉన్నారు కాబట్టి. అవి చూసి ఇక్కడ మధిరలో ఉన్నాయన "ఉత్తరం వైపు పెట్టు తమ్ముడూ, మా అల్లుడు చెప్పాడు" అంటాడు, అల్లుడి మాట కాదనడం ఎలాగో మీరే చెప్పాలి. లండన్ సంగతి ఇంకా చిత్రం. అక్కడ జూన్‌లో పగలు పదహారున్నర గంటలు ఉంటుంది, మబ్బు, గాలి లెక్కలోంచి తీసేస్తే ఆ నెలలో రోజంతా పడే శక్తి హైదరాబాద్ కంటే కూడా ఎక్కువ. డిసెంబర్‌లో పగలు ఎనిమిది గంటలు కూడా ఉండదు, మధ్యాహ్నం సూర్యుడు 15 డిగ్రీలు ఎక్కడానికే ఆపసోపాలు పడతాడు, జూన్‌లో వచ్చేదాంట్లో ఆరో వంతు శక్తి వస్తుంది. మనకు డిసెంబర్‌లో 70 శాతం మిగులుతుంటే వాళ్లకు పదహారు. చలికాలంలో కూడా సోలార్ మీద ఆధారపడగలిగే అదృష్టం మనది, దాన్ని ట్యాంకు నీడకు వదిలేస్తున్నాం.

పగటి పొడవు గురించి కూడా ఒక మాట, ఎందుకంటే సంక్రాంతి వచ్చినప్పుడల్లా నాకు వాదన తప్పదు. ఉత్తరాయణం సంక్రాంతి నాడు మొదలవుతుందని, ఆ రోజు నుంచే పగలు పెరుగుతుందని చెప్తారు. పగలు పెరగడం డిసెంబర్ 22 నుంచే మొదలైపోతుంది. కాకపోతే సంక్రాంతి నాటికి హైదరాబాద్‌లో పెరిగింది ఆరేడు నిమిషాలే, మధ్యాహ్నం సూర్యుడి ఎత్తు పెరిగింది రెండు డిగ్రీలే, కాబట్టి ఎవరికీ తెలియదు. పైగా ఇంకో మాయ ఉంది. మన దగ్గర సూర్యాస్తమయం అన్నిటికంటే తొందరగా అయ్యేది నవంబర్ చివరి వారంలో, సూర్యోదయం అన్నిటికంటే ఆలస్యంగా అయ్యేది జనవరి మూడో వారం ప్రాంతంలో. అందుకే పండగ వెళ్లాక కూడా పొద్దున్నే లేచేవాళ్లకు చీకటి ఇంకా పెరుగుతున్నట్టే ఉంటుంది. మీ పేపర్లో వేసే టైములు వరసగా చూసుకుంటే ఇది ఎవరికైనా దొరుకుతుంది. సంక్రాంతి అనేది నక్షత్రాల లెక్క, మకర రాశిలోకి రావడం. సుమారు 1,700 ఏళ్ల కిందట సంక్రాంతి, పగలు పెరగడం మొదలయ్యే రోజు ఒకే సమయంలో వచ్చేవి, భూమి అక్షం మెల్లగా దిక్కు మార్చుకోవడం వల్ల 72 ఏళ్లకు సుమారు ఒక రోజు చొప్పున విడిపోతూ వచ్చాయి. ఖగోళ భౌతిక శాస్త్రవేత్త మేఘనాథ్ సాహా అధ్యక్షతన పంచాంగ సంస్కరణ సంఘం ఈ తేడాను ఎప్పుడో ఎత్తి చూపింది, 1957లో వచ్చిన జాతీయ పంచాంగం అందుకే మార్చి విషువత్తు (పగలూ రాత్రీ దాదాపు సమానంగా ఉండే రోజు) మర్నాడు మొదలవుతుంది. పండగ పండగే, ఎవరూ మార్చనక్కర్లేదు, యూనిట్ల లెక్క మాత్రం సూర్యుడి ఎత్తును బట్టి నడుస్తుంది.

మధ్యాహ్నం అంటే పన్నెండు గంటలు అనుకోవడం కూడా వదలాలి. మన గడియారం 82.5 డిగ్రీల రేఖ మీద నడుస్తుంది, అది కాకినాడకు దగ్గరగా పోతుంది. హైదరాబాద్ అక్కడికి నాలుగు డిగ్రీలు పడమర, కాబట్టి ఇక్కడ సూర్యుడు నడిమింటికి వచ్చేది సగటున పన్నెండుంబావుకు. ఫిబ్రవరిలో పన్నెండున్నర అవుతుంది, నవంబర్ మొదట్లో సరిగ్గా పన్నెండుకే వచ్చేస్తాడు. కర్ర నీడ కొలిచేవాళ్లు, డాబా మీద దక్షిణం దిక్కు పట్టుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకుంటే ఫోన్లో దిక్సూచి అక్కర్లేదు, ఆ క్షణాన పడే నీడే ఉత్తర దక్షిణ గీత. ఇనుప స్ట్రక్చర్ దగ్గర ఫోన్ దిక్సూచి తప్పు చూపిస్తుందని పని చేసేవాళ్లందరికీ తెలుసు.

ఇవన్నీ ఏదో కొత్త సైన్సు అనుకోకండి. శ్రీకాకుళం దగ్గర అరసవల్లిలో ఏటా మార్చి 9, 10 తేదీల్లో, మళ్లీ అక్టోబర్ 1, 2 తేదీల్లో ఉదయపు కిరణాలు మూలవిరాట్టు పాదాలను తాకుతాయని వేల మంది వెళ్తారు, మీరు మొదటి పేజీలో ఫొటో వేస్తారు. ఆ రెండు సార్లూ సూర్యుడి క్రాంతి దాదాపు ఒకటే, దక్షిణానికి నాలుగు డిగ్రీల దగ్గర. మార్చిలో ఉత్తరానికి పోతూ ఒకసారి, అక్టోబర్‌లో దక్షిణానికి వస్తూ ఒకసారి అదే చోటి నుంచి ఉదయిస్తాడు, అందుకే ఏడాదికి రెండుసార్లు. గుడి కట్టినవాళ్లు వాకిలిని ఆ కోణానికి సరిపెట్టారు. మూడు కిలోవాట్ల స్ట్రక్చర్‌ను ఒక కోణానికి సరిపెట్టడం మనకు అంత కష్టమా?

కాబట్టి సంపాదకులు గారూ, జిల్లా ఎడిషన్లు ఉన్నాయి కదా, ఒక్కో జిల్లాకు అక్షాంశం ఒకటి తీసుకుంటే చాలు, ఏడాది మొత్తానికి అంకెలు ఒక్క పూటలో తయారవుతాయి, ఏటా మళ్లీ మళ్లీ అవే వాడుకోవచ్చు, తేడా చాలా స్వల్పం. తిరుపతికి 13.6, విశాఖకు 17.7, ఆదిలాబాద్‌కు 19.7. సూర్యాస్తమయం కింద ఇలా వేయండి: "మధ్యాహ్న సూర్యుడి ఎత్తు 49 డిగ్రీలు, దక్షిణం." ఆదివారం అనుబంధంలో నెలకోసారి ఆ నెలలో కిలోవాట్‌కి ఎన్ని యూనిట్లు రావడం మామూలో కూడా వేస్తే ఇంకా మేలు. డిసెంబర్ మూడో వారంలో మాత్రం మొదటి పేజీలో ఒక చిన్న బాక్సు కట్టి, ఈ వారం ఉదయం తొమ్మిదింబావుకు ఒకసారి, మధ్యాహ్నం మూడుంబావుకు ఒకసారి డాబా ఎక్కి ప్యానెళ్ల మీద నీడ ఉందేమో చూసుకోండి, ఉంటే ఫొటో తీసి మీ వెండర్‌కు పంపండి అని వేయండి. వారంటీ లోపల ఉన్నవాళ్లు స్ట్రక్చర్ జరపమని అడగడానికి ఆ ఫొటో పనికొస్తుంది.

ఇట్లు,
ఒక సోలార్ ఫిట్టర్,
ఖమ్మం